గ్రిడ్లు కలిశాయి.. గాజువాక తూముతో ఇక పని లేదా?

విశాఖపట్నం: ఒడిశాలోని జయపురం నుంచి తూర్పు కనుమల మీదుగా గాజువాకకు వచ్చే 400 కిలోవోల్టుల విద్యుత్ లైను పారిశ్రామికవాడ ప్రజలకు చిరపరిచితమే. ఆ లైను చివర ఉన్న పవర్‌గ్రిడ్ కేంద్రం మాత్రం సాధారణ సబ్‌స్టేషన్ కాదు. తూర్పు ప్రాంత గ్రిడ్‌ను, దక్షిణ ప్రాంత గ్రిడ్‌ను కలుపుతూ, అదే సమయంలో ఒకదాని ఒడిదుడుకులు మరొకదానికి సోకకుండా కాపాడేందుకు దాన్ని నిర్మించారు. ఒక్కొక్కటి 500 మెగావాట్ల సామర్థ్యం గల రెండు యూనిట్లు అక్కడ ఉన్నాయి. మొదటిది 1999లో, రెండోది 2005లో పనిచేయడం ప్రారంభించాయి.

కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ నిబంధనల్లో ఇటువంటి కేంద్రాల ఉపయోగ కాలాన్ని 25 ఏళ్లుగా లెక్కిస్తారు. ఆ లెక్కన తొలి యూనిట్‌కు 2024తో గడువు నిండింది. రెండో యూనిట్‌కు 2030తో నిండుతుంది. గడువు నిండినంత మాత్రాన యంత్రాలు ఆగిపోవాలని ఏమీ లేదు. అయితే వాటిపై మళ్లీ పెట్టుబడి పెట్టాలా, పక్కన పెట్టాలా అన్న ప్రశ్న తప్పదు. పైగా 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ దేశంలోని మిగిలిన గ్రిడ్లతో నేరుగా కలిసిపోయింది. రెండు చెరువుల మధ్య గట్టు తెగి నీరు ఏకమైన తరువాత నడుమ తూముతో పనేముందని అడిగేవారికి పైకి చూస్తే న్యాయమే ఉంది. లోతుకు వెళితే సమాధానం అంత సులువు కాదు.

రెండు గ్రిడ్లు.. రెండు నడకలు

ఇళ్లకు, పరిశ్రమలకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ. దాని దిశ అటూ ఇటూ మారుతూ సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది. దాన్నే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ అంటారు. ఏసీ లైన్లతో కలిసిన ఒక గ్రిడ్‌లోని జనరేటర్లన్నీ ఒకే కాడికి కట్టిన ఎడ్ల వలె ఒకే నడక నడవాలి. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే నడక మందగిస్తుంది, ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఉత్పత్తి మిగిలిపోతే నడక వేగమవుతుంది. రెండూ ప్రమాదమే. హద్దు దాటితే యంత్రాలను కాపాడుకునేందుకు జనరేటర్లు వాటంతట అవే గ్రిడ్ నుంచి విడిపోతాయి. ఒకటి విడిపోతే ఆ భారం మిగిలిన వాటిపై పడుతుంది. గ్రిడ్ కుప్పకూలడం అంటే ఇదే.

1990 దశకంలో తూర్పు గ్రిడ్, దక్షిణ గ్రిడ్ల స్థితి పూర్తిగా భిన్నం. బొగ్గు గనుల చెంత విద్యుత్ కేంద్రాలున్న తూర్పు ప్రాంతంలో ఉత్పత్తి మిగులు. ఫ్రీక్వెన్సీ తరచూ 50 హెర్ట్జ్‌ను దాటి పైకి వెళ్లేది. దక్షిణాదిలో కొరత. ఇక్కడ ఫ్రీక్వెన్సీ 48 హెర్ట్జ్ దరిదాపులకు జారిన రోజులు అనేకం. ఒకచోట మిగులు, పక్కనే కరువు. అయినా రెండింటినీ ఏసీ లైనుతో కలిపేందుకు వీలు లేదు. వేర్వేరు నడకల్లో ఉన్న రెండు గ్రిడ్లను తిన్నగా కలిపితే రెండూ దెబ్బతింటాయి.

ఈ చిక్కుకు పరిష్కారం ఏకముఖ విద్యుత్తు, అంటే డీసీ. దానికి ఫ్రీక్వెన్సీ లేదు. గాజువాక కేంద్రంలో ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏసీని థైరిస్టర్ వాల్వులు డీసీగా మారుస్తాయి. అదే ప్రాంగణంలో మరోవైపు వాల్వులు ఆ డీసీని తిరిగి దక్షిణ గ్రిడ్ ఫ్రీక్వెన్సీకి సరిపడే ఏసీగా మారుస్తాయి. మధ్యలో దూరపు డీసీ లైను ఏదీ ఉండదు. వెన్నుకు వెన్ను ఆనించినట్లు ఉండే ఈ ఏర్పాటును ‘బ్యాక్ టు బ్యాక్’ కేంద్రమంటారు. ఏసీ లైనులో విద్యుత్తు తనకు అడ్డు తక్కువున్న దారిలో పోతుంది, ఇంతే పోవాలని ఎవరూ శాసించలేరు. గాజువాకలో మాత్రం నియంత్రణ గదిలో ఎన్ని మెగావాట్లని నిర్ణయిస్తే అన్నే పోతాయి. అవసరమైతే దిశను కూడా మార్చవచ్చు. చెరువు తూముకు షట్టరు ఉన్నట్లే ఇదీ.

సీలేరు ప్రయోగంతో శ్రీకారం

ఈ పరిజ్ఞానానికి తెలుగు నేలతో ఉన్న బంధం గాజువాక కంటే పాతది. దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం నుంచి నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బార్సూర్ వరకు 196 కిలోమీటర్ల మేర డీసీ ప్రసారాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టారు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఏర్పడలేదు. బార్సూర్ మధ్యప్రదేశ్‌లోని బస్తర్ ప్రాంతంలో భాగం. దేశీయంగా డీసీ పరికరాల తయారీని నేర్చుకోవాలన్నది లక్ష్యం కాగా, బీహెచ్‌ఈఎల్ అందులో పాలుపంచుకుంది. తొలి దశ సామర్థ్యం 100 మెగావాట్లు మాత్రమే. పరిమాణంలో చిన్నదే అయినా ఆ అడవి దారిలో జరిగిన ప్రయోగం మన ఇంజినీర్లకు పాఠశాల అయింది.

గ్రిడ్ల మధ్య బ్యాక్ టు బ్యాక్ కేంద్రం దేశంలో మొదట వింధ్యాచల్‌లో 1989లో వచ్చింది. 500 మెగావాట్ల ఆ కేంద్రం పశ్చిమ, ఉత్తర గ్రిడ్లను కలిపింది. తరువాత మహారాష్ట్రలోని భద్రావతిలో 1,000 మెగావాట్ల కేంద్రం రాగా, చంద్రపూర్-రామగుండం మార్గంలో పశ్చిమ గ్రిడ్ నుంచి తెలుగు నేలకు విద్యుత్తు రావడం మొదలైంది. 1999లో గాజువాక, 2003లో ఒడిశాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలారు వరకు 500 కేవీ డీసీ లైను అందుబాటులోకి వచ్చాయి. 1,300 కిలోమీటర్లకు పైగా పొడవున్న తాల్చేరు-కోలారు లైను ఆంధ్రప్రదేశ్ భూముల మీదుగానే సాగుతుంది. మొదట 2,000 మెగావాట్లుగా ఉన్న దాని సామర్థ్యాన్ని తరువాత 2,500 మెగావాట్లకు పెంచారు.

చీకటి అంటని దక్షిణం

ఈ తూముల విలువ 2012 జులైలో దేశానికి తెలిసింది. జులై 30 తెల్లవారుజామున రెండున్నర గంటల ప్రాంతంలో ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. దాన్ని నిలబెట్టిన మరుసటి రోజే, జులై 31 మధ్యాహ్నం ఒంటిగంట వేళ ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ ఒకేసారి కూలిపోయాయి. సుమారు 60 కోట్ల మంది నివసించే ప్రాంతాలు అంధకారంలో మునిగాయి. ఢిల్లీలో మెట్రో రైళ్లు నిలిచిపోయాయి. తూర్పు రాష్ట్రాల్లో గనుల్లో దిగిన కార్మికులను పైకి తెచ్చేందుకు గంటల తరబడి శ్రమించాల్సి వచ్చింది.

కేంద్రం నియమించిన విచారణ సంఘం కారణాలను స్పష్టంగా వివరించింది. పలు లైన్లు మరమ్మతుల కోసం, ఇతర కారణాల వల్ల అప్పటికే సేవలో లేవు. మిగిలిన బీనా-గ్వాలియర్-ఆగ్రా 400 కేవీ మార్గంపై మోయలేని భారం పడింది. వాటాకు మించి తోడుకుంటున్న రాష్ట్రాలు తగ్గించుకోవాలని లోడ్ డిస్పాచ్ కేంద్రాలు ఆదేశించినా ఫలితం లేకపోయింది. చివరకు అధిక భారాన్నే లోపంగా భావించిన రక్షణ రిలే బీనా-గ్వాలియర్ లైనును తెంచివేసింది. ఆ తరువాత ఒక్కో లైనూ వరుసగా తెగిపోయింది.

దక్షిణ గ్రిడ్‌కు ఆ గొలుసు అంటలేదు. తూర్పు నుంచి రావలసిన విద్యుత్తు ఒక్కసారిగా ఆగిపోవడంతో ఇక్కడ ఫ్రీక్వెన్సీ పడిపోయిన మాట నిజం. రిలేలు కొంత లోడును వాటంతట అవే తొలగించాయి. అంతటితో గ్రిడ్ నిలదొక్కుకుంది. తూర్పు గ్రిడ్‌తో ఉన్న ప్రధాన బంధాలు డీసీవి కావడమే దీనికి మూలకారణం. డీసీ మార్గం విద్యుత్తును మాత్రమే మోస్తుంది, అవతలి గ్రిడ్ తడబాటును మోసుకురాదు. జయపురం వైపు అంధకారం అలముకున్నా విశాఖలో దీపాలు వెలిగాయంటే అందులో గాజువాక వాల్వులకూ పాత్ర ఉంది.

కరెంటు ఉన్నా తెచ్చుకోలేని కాలం

నాణేనికి రెండో వైపు కూడా అదే సంవత్సరంలో కనిపించింది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తీవ్రమైన విద్యుత్ కొరతను ఎదుర్కొంది. పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు ‘పవర్ హాలిడే’ ప్రకటించారు. పల్లెల్లో కోతలు గంటల్లో లెక్కించే స్థితికి చేరాయి. వెల్డింగ్, లేత్ పనులపై ఆధారపడిన చిన్న యూనిట్లలో కూలీలకు పని దొరకని రోజులు పెరిగాయి. డీజిల్ జనరేటరు పెట్టుకోగలిగిన వారు ఎక్కువ ఖర్చుకు పని చేయించుకున్నారు, పెట్టుకోలేని వారు షట్టర్లు దించారు.

అదే సమయంలో దేశంలోని ఇతర ప్రాంతాల్లో అమ్మకానికి విద్యుత్తు ఉంది. తెచ్చుకునే దారి లేదు. డీసీ తూముల సామర్థ్యానికి హద్దు ఉంది, ఆ హద్దు మేరకు దీర్ఘకాలిక ఒప్పందాల విద్యుత్తే ప్రవహిస్తోంది. దీంతో విద్యుత్ ఎక్స్ఛేంజీల్లో దక్షిణ ప్రాంతానికి ధర విడిగా పలికేది, మిగతా దేశం కంటే తరచూ ఎక్కువగానే ఉండేది. డబ్బు చెల్లించేందుకు సిద్ధపడినా దారి ఖాళీ లేక విద్యుత్తు రాని పరిస్థితి. జులై 31న దక్షిణాదిని కాపాడిన గట్టే, మిగిలిన రోజుల్లో దాన్ని దాహంతో ఉంచింది.

ఒకే గ్రిడ్.. ఒకే ఫ్రీక్వెన్సీ

ప్రాంతీయ గ్రిడ్ల ఏకీకరణ ఒక్క రోజులో జరిగింది కాదు. 1991లో తూర్పు, ఈశాన్య గ్రిడ్లు ఏకమయ్యాయి. 2003లో పశ్చిమం, 2006లో ఉత్తరం వాటితో కలిశాయి. మిగిలింది దక్షిణం. కర్ణాటకలోని రాయచూరు నుంచి మహారాష్ట్రలోని షోలాపూర్ వరకు నిర్మించిన 765 కేవీ ఏసీ లైను ద్వారా 2013 డిసెంబరు 31న ఆ ఘట్టమూ పూర్తయింది. దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడవడం ఆ రోజు నుంచే.

తరువాతి ఏళ్లలో వార్ధా-నిజామాబాద్-మహేశ్వరం, అంగుల్-శ్రీకాకుళం-వేమగిరి వంటి 765 కేవీ మార్గాలు వచ్చాయి. తొలినాళ్లలో పరిమితంగా ఉన్న దిగుమతి సామర్థ్యం క్రమంగా పెరిగింది. ఎక్స్ఛేంజీల్లో దక్షిణాది ధరకు, మిగతా దేశపు ధరకు ఉన్న అంతరం తగ్గుతూ వచ్చింది. 2024 నాటికి ప్రాంతాల మధ్య ప్రసార మార్గాల స్థాపిత సామర్థ్యం 1,18,000 మెగావాట్లను దాటింది. అదే సంవత్సరం మే 30న దేశంలో గరిష్ఠ డిమాండు 2,50,000 మెగావాట్లకు చేరినా గ్రిడ్ తట్టుకుంది.

ఏకీకరణ బలాన్ని చాటిన మరో రోజు 2020 ఏప్రిల్ 5. కరోనా లాక్‌డౌన్ వేళ రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాల పాటు ఇళ్లలో దీపాలు ఆర్పాలని ప్రధాని పిలుపునివ్వగా, డిమాండు ఒక్కసారిగా 31,000 మెగావాట్లకు పైగా పడిపోయి మళ్లీ లేచింది. జలవిద్యుత్ కేంద్రాల ఉత్పత్తిని ముందే వేసుకున్న ప్రణాళిక ప్రకారం తగ్గించి పెంచడంతో ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 హెర్ట్జ్ మధ్యనే కదిలింది. ప్రాంతీయ గ్రిడ్లు విడివిడిగా ఉండి ఉంటే ఒక్కో దానికి ఆ కుదుపు మరింత బరువయ్యేది.

గోడ కాదు.. పగ్గం

మరి గాజువాక కేంద్రం పాత్ర ఏమిటి? ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. 2012లో అది పోషించిన రక్షణ గోడ పాత్ర ఇప్పుడు లేదు. దాని చుట్టూ శ్రీకాకుళం వైపు, నిజామాబాద్ వైపు, రాయచూరు వైపు ఏసీ దారులు తెరుచుకున్నాయి. అవతల పెను విపత్తు వస్తే దాని ప్రభావం ఆ దారుల్లో ఇటు చేరగలదు. అయితే దారులు పెరిగిన కొద్దీ అదుపు అవసరమూ పెరిగింది. ఏసీ లైన్లలో ఏదైనా తెగితే దాని భారం పక్క లైన్లపై తక్షణమే పడుతుంది. 2012లో బీనా-గ్వాలియర్ వద్ద జరిగింది ఇదే. ఆ క్షణంలో ఆపరేటరు చేతిలో ఉండే పగ్గాలు చాలా తక్కువ. డీసీ కేంద్రం అటువంటి పగ్గాల్లో ఒకటి. పక్క లైనుపై భారం పెరిగితే ఇటు ప్రవాహాన్ని పెంచి అటు తగ్గించవచ్చు. ఒక పెద్ద విద్యుత్ కేంద్రం ఆగిపోతే అప్పటికి తూములో మిగిలి ఉన్న సామర్థ్యం మేరకు అదనపు విద్యుత్తును క్షణాల్లో రప్పించవచ్చు. ఏ కారణంగానైనా గ్రిడ్లు మళ్లీ విడిపోవలసి వస్తే, విడిపోయిన రెండింటి మధ్య విద్యుత్తు ఇచ్చిపుచ్చుకునే దారి అదొక్కటే కావచ్చు.

ఈ దృష్టితో చూస్తే ఇప్పుడు ముందున్నవి మూడు మార్గాలు. మొదటిది, గడువు తీరిన యూనిట్లను తొలగించి జయపురం లైనును నేరుగా ఏసీగా కలిపేయడం. ఖర్చు తక్కువ, మార్పిడిలో పోయే స్వల్ప విద్యుత్తూ మిగులుతుంది, కానీ పగ్గం చేజారుతుంది. రెండోది, ఉన్న థైరిస్టర్ వ్యవస్థలోనే వాల్వులు, నియంత్రణ పరికరాలు మార్చి ఆయుష్షు పెంచడం. మూడోది, కొత్త తరం సాంకేతికతతో పునర్నిర్మించడం. దీనికి ఖర్చు ఎక్కువ.

కొత్త తరం పరిజ్ఞానం

ఆ కొత్త తరం ఇప్పటికే దక్షిణాదికి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుంచి తమిళనాడులోని పుగలూరు వరకు 1,765 కిలోమీటర్ల 800 కేవీ డీసీ లైను నిర్మించారు. సామర్థ్యం 6,000 మెగావాట్లు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా సాగే ఈ లైను ఉత్తరాది బొగ్గు విద్యుత్తును దక్షిణాదికి తెచ్చేందుకే కాదు, దక్షిణాదిలో గాలి, ఎండ పుష్కలంగా ఉన్న వేళ ఇక్కడి మిగులును అటు పంపేందుకూ పనికొస్తుంది. పుగలూరు నుంచి కేరళలోని త్రిశూర్‌కు 320 కేవీ, 2,000 మెగావాట్ల మార్గం 2021లో ప్రారంభమైంది. జనసాంద్రత ఎక్కువగా ఉన్న కేరళలో కొంత దూరం కేబుల్‌ను భూమిలోపలే వేశారు. వోల్టేజి సోర్స్ కన్వర్టర్ అనే సాంకేతికతను దేశంలో తొలిసారిగా వాడింది ఇక్కడే.

పాత థైరిస్టర్‌కు, కొత్త కన్వర్టర్‌కు తేడా గమనించదగినది. థైరిస్టర్‌ను వెలిగించడం మన చేతిలో ఉంటుంది, ఆర్పడం ఉండదు. అందుకు బలమైన ఏసీ గ్రిడ్ ఆసరా కావాలి. గ్రిడ్ బలహీనపడిన వేళ, అంటే సాయం అత్యంత అవసరమైన వేళ, అది తడబడే అవకాశం ఉంది. కొత్త కన్వర్టర్లలో వాడే ఐజీబీటీ అనే పరికరాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెలిగించి ఆర్పవచ్చు. ఏసీ గ్రిడ్ ఆసరా లేకుండానే అవి నిలబడతాయి, వోల్టేజిని సరిదిద్దుతాయి. పూర్తిగా చీకటైన గ్రిడ్‌ను తిరిగి మేల్కొల్పేందుకూ పనికొస్తాయి. సౌర, పవన కేంద్రాలు పెరుగుతున్న కొద్దీ ఈ గుణాలకు విలువ పెరుగుతోంది. బరువైన టర్బైన్లు తిరిగే థర్మల్ కేంద్రం గ్రిడ్‌కు సహజంగా కొంత నిలకడనిస్తుంది. సౌర ఫలకానికి ఆ బరువు లేదు. కర్నూలు, అనంతపురం మైదానాల్లో మధ్యాహ్నం వేలాది మెగావాట్లుగా వచ్చే సౌర విద్యుత్తు సాయంత్రానికి మాయమవుతుంది. ఆ పూట దేశంలో ఏ మూల నుంచైనా అంత విద్యుత్తును తెప్పించుకోగలగాలి.

ఒంటరి గ్రిడ్‌కు టెక్సాస్ పాఠం

గ్రిడ్లను విడివిడిగా ఉంచితేనే భద్రత అనుకోవడం కూడా పొరపాటేనని అమెరికాలోని టెక్సాస్ అనుభవం చెబుతోంది. డల్లాస్, హ్యూస్టన్ నగరాల్లో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఆ రాష్ట్రంలో అధిక భాగానికి సొంత గ్రిడ్ ఉంది. తూర్పు అమెరికా గ్రిడ్‌తో దానికున్న డీసీ బంధాల సామర్థ్యం 820 మెగావాట్లు మాత్రమే. 2021 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలికి గ్యాస్ సరఫరా, విద్యుత్ కేంద్రాలు స్తంభించిపోయాయి. 20,000 మెగావాట్ల వరకు లోడును తొలగించాల్సి వచ్చింది. పొరుగు నుంచి తెచ్చుకునేందుకు దారి చాలలేదు. పూర్తి పతనానికి కొద్ది నిమిషాల దూరంలో గ్రిడ్ నిలబడింది. ఆ శీతల విపత్తులో 200 మందికి పైగా మరణించారు. తూము ఉండటమే కాదు, అవసరానికి తగినంత పెద్దదిగా ఉండాలన్నది అక్కడి పాఠం.

తీగల కింద రైతు

కొత్త దారి వేయాలంటే కొత్త భూమి కావాలి. 765 కేవీ డబుల్ సర్క్యూట్ లైను వెళ్లే చోట 67 మీటర్ల వెడల్పున, 800 కేవీ డీసీ లైనుకు 69 మీటర్ల వెడల్పున కారిడార్ అవసరం. ఆ మేర కొబ్బరి, మామిడి, సరుగుడు వంటి ఎత్తయిన చెట్లు పెంచేందుకు వీలుండదు, కట్టడాలకు అనుమతి ఉండదు. భూమి పేరు రైతుదే అయినా దాని ధర పడిపోతుంది. విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద అధికారం పొందిన సంస్థ భూమిని సేకరించకుండానే టవరు వేయగలదు. నష్టపరిహారం మాత్రమే చెల్లిస్తుంది.

ఈ పరిహారంపై కేంద్ర విద్యుత్ శాఖ 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. టవరు అడుగు భాగానికి భూమి విలువలో 85 శాతం, కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం అన్నది అప్పటి లెక్క. 2024 జూన్‌లో వాటిని సవరించి టవరు అడుగు భాగానికి భూమి విలువకు రెండింతలు, కారిడార్‌కు 30 శాతం చొప్పున నిర్ణయించింది. అయితే మార్గదర్శకాలను రాష్ట్రాలు స్వీకరించి అమలు చేసినప్పుడే రైతుకు అందుతాయి. లెక్క కట్టే ధర రిజిస్ట్రేషన్ విలువా, మార్కెట్ విలువా అన్న దగ్గరే వివాదాలు తలెత్తుతున్నాయి.

ఈ నేపథ్యంలో గాజువాకకు ఉన్న ఒక అనుకూలతను విస్మరించరాదు. లైను ఇప్పటికే ఉంది, స్థలం ఇప్పటికే ఉంది. నిబంధనల ప్రకారం లైను ఉపయోగ కాలం 35 ఏళ్లు. కేంద్రాన్ని ఆధునికీకరిస్తే కొత్తగా ఒక్క టవరు కూడా వేయకుండా ఉన్న దారిని మెరుగ్గా వాడుకోవచ్చు. ఒక్క రైతు పొలంలోకీ అడుగుపెట్టనవసరం లేని ప్రసార ప్రాజెక్టులు అరుదు.

తుపాను తీరంలో మరో లెక్క

ఉత్తరాంధ్ర తీరానికి మరో ముప్పు కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు స్తంభాలు, టవర్లు నేలకొరిగి నగరం రోజుల తరబడి అంధకారంలో గడిపింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని అదే రీతిలో దెబ్బతీసింది. ఇటువంటి వేళ సరఫరా పునరుద్ధరణ ఎంత త్వరగా జరుగుతుందన్నది, విద్యుత్తు ఎన్ని వైపుల నుంచి రాగలదన్న దానిపై ఆధారపడుతుంది. తీరం వెంబడి సాగే లైన్లు ఒకే తుపానుకు ఒకేసారి దెబ్బతినే అవకాశం ఉంది. జయపురం లైను కొండల వైపు నుంచి లోపలికి వస్తుంది. దానికీ గాలుల బెడద, కొండచరియల బెడద ఉన్నా, తీరానికి సమాంతరంగా కాకుండా వేరే దిక్కు నుంచి రావడమే దాని విలువ. పరిశ్రమలు, రేవులు, ఆసుపత్రులు కేంద్రీకృతమైన విశాఖకు ఇది చిన్న విషయం కాదు.

నిర్ణయం చీకట్లో జరగరాదు

అంతర్రాష్ట్ర ప్రసార వ్యవస్థపై పెట్టే ప్రతి రూపాయీ డిస్కంల ద్వారా చివరకు వినియోగదారుడి బిల్లులోకే చేరుతుంది. కాబట్టి పాత కేంద్రాన్ని అలవాటుగా పునరుద్ధరించడం సరికాదు. అలాగే లెక్కల్లో గడువు తీరిందని అలవాటుగా తొలగించడమూ సరికాదు. మూడు మార్గాల్లో దేనికి ఎంత ఖర్చవుతుంది, పెద్ద లైను ఒకటి తెగినప్పుడు దేనివల్ల గ్రిడ్ ఎంతవరకు నిలబడుతుంది, తుపాను వేళ విశాఖకు దేనివల్ల ఎంత సరఫరా దక్కుతుంది అన్న మూడు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. కేంద్ర విద్యుత్ అథారిటీ, పవర్‌గ్రిడ్, రాష్ట్ర ట్రాన్స్‌కో ఆ అధ్యయనాన్ని ప్రజలకు అర్థమయ్యే భాషలో బయటపెట్టాలి. నియంత్రణ మండలి ముందు ఈ అంశం వచ్చినప్పుడు రాష్ట్ర డిస్కంలు, పరిశ్రమల సంఘాలు, వినియోగదారుల సంఘాలు తమ వాదన వినిపించాలి.

రెండో యూనిట్ గడువు 2030లో నిండుతుంది. ఇటువంటి పరికరాలు దుకాణంలో దొరికేవి కావు. రూపకల్పన, తయారీ, పరీక్షలు కలిపి ఏళ్లు పడుతుంది. 2030లో నిర్ణయించుకుందామంటే అప్పటికి మార్గం ఒక్కటే మిగులుతుంది. ఒకప్పుడు విద్యుత్తు ఉన్నా దారి లేక విశాఖ పరిశ్రమలు షట్టర్లు దించుకున్నాయి. ఇప్పుడు దారులున్నాయి. వాటిలో అదుపు చేయగల దారిని ఉంచుకోవాలో వదులుకోవాలో తేల్చుకునే వ్యవధి ఇంకా ఉండగానే ఆ చర్చ మొదలుకావాలి.